ప్రార్థన చేస్తం బిడ్డా

మా ఇంట్లో ఎవరికి ఏం జరిగినా ముందు వినపడే మాట ఒకటే: "ప్రార్థన చేస్తం బిడ్డా." ఎంసెట్ ర్యాంకు రాకముందు అన్నారు. వచ్చిన తర్వాత, ఆ ర్యాంకు చూసి, ఇంకా గట్టిగా అన్నారు. ఎం-3 బ్యాక్‌లాగ్ పోయినప్పుడు నానమ్మ "దేవుని కృప" అంది. నేనేమో "అది నేను రాత్రంతా కూర్చుని చేసిన లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్స్ కృప" అన్నాను. "ఆ కూర్చునే బుద్ధి ఎవరిచ్చిండ్రు?" అని అడిగింది. సిలబస్‌లో లేని ప్రశ్న, వదిలేశాను.

మాది చిక్కడపల్లి. త్యాగరాయ గానసభ వెనకాల గల్లీల్లో ఒక ఇల్లు. పొద్దున వెంకటేశ్వరస్వామి గుడి మైకు, మధ్యలో మా పైపోర్షన్ ఆంటీ సీరియల్, సాయంత్రం గానసభ నుంచి సన్మాన సభల చప్పట్లు. వీటన్నిటి మధ్య నానమ్మ ఫోన్‌లో "వందనాలండి అయ్యగారూ" అంటుంది. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, చర్చి వాళ్ళు పాస్టర్‌గారిని "అయ్యగారు" అంటారు, వాళ్ళ భార్యని "అమ్మగారు" అంటారు. నమస్కారం బదులు వందనాలు. జ్వరం తగ్గితే స్తోత్రం. పెళ్ళి కుదిరితే "దేవుని చిత్తం". ఎవరైనా చనిపోతే "ప్రభువునందు నిద్రించారు". చిన్నప్పుడు ఇది మామూలు తెలుగే అనుకునేవాణ్ణి. ఇంటర్‌కి వచ్చాక తెలిసింది, ఇది "వాళ్ళ తెలుగు" అని.

అప్పటినుంచి నాకు రెండు తెలుగులు. కాలేజీ బస్సెక్కాక అమ్మ ఫోన్ చేస్తే "వందనాలు చెప్పు, పక్కన అత్తమ్మ ఉంది" అంటుంది. నేను కిటికీ వైపు తిరిగి, పరీక్షలో స్లిప్ అందుకున్నట్టు గొంతు తగ్గించి "వందనాలత్తమ్మా" అంటాను. నిజం చెప్పాలంటే ఎవరూ ఏమీ అనరు. కానీ "ప్రైజ్ ద లార్డ్" అని సాగదీసి నవ్వే మీమ్స్ మన గ్రూపుల్లో ఎన్ని తిరుగుతాయో మీకూ తెలుసు. కొన్నిటికి నేనే నవ్వే బొమ్మ పెట్టాను. అందులో ఒకటి నిజంగానే బాగుంది కూడా.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పోయిన ఏడాది మే 7. ఆపరేషన్ సిందూర్ మొదలైన రోజు. సాయంత్రం నాలుగింటికి సిటీలో మాక్ డ్రిల్ సైరన్లు మోగాయి. ఆ రాత్రి మన క్లాస్ గ్రూప్ నిండా జెండాలు, యుద్ధవిమానాలు, సినిమా బీజీఎంలు. నేను మా ఇంటి అలవాటు ప్రకారం ఒక్క లైను పెట్టాను: మన సైనికుల కోసం ప్రార్థన చేద్దాం అని. రెండు నిమిషాల్లో మా బ్యాచ్ వాడొకడు కింద రాశాడు, "మీవాళ్ళు ప్రార్థనలు చేసుకుంటూ కూర్చోండి బ్రో, బార్డర్‌లో నిలబడేది మావాళ్ళు." పదకొండు మంది నవ్వారు. లెక్కపెట్టాను కాబట్టి తెలుసు.

నేను రిప్లై ఇవ్వలేదు. ఫోన్ బోర్లా పెట్టి హాల్లోకి వెళితే, అక్కడ తాత న్యూస్ చూస్తూ కూర్చున్నాడు. పాత ఆర్మీ స్వెట్టర్. మే నెలలో! ఏసీ లేని ఇంట్లో! యుద్ధం వార్తలొస్తే ఆయనకు చలేస్తుందట.

మా తాతని గల్లీలో "మిలిటరీ తాత" అంటారు. మెదక్ దగ్గర పల్లె. 1969లో ఆర్మీలో చేరాడు, ఈఎంఈలో వెహికల్ మెకానిక్. మన భాషలో చెప్పాలంటే సైన్యానికి మెకానికల్, ఎలక్ట్రానిక్స్ డిపార్ట్‌మెంట్ అది. తుపాకీ దగ్గర్నుంచి ట్యాంకు దాకా ఏది పాడైనా బాగుచేసేది వాళ్ళే. ట్రైనింగ్ తిరుమలగిరిలో. మెదక్ నుంచి తిరుమలగిరికి రావడమంటే, ఒకరు వచ్చిన దారిలో వెనక్కి వెళ్ళినట్టు అనిపిస్తుంది నాకు. మెదక్ చర్చి కట్టించిన చార్లెస్ పోస్నెట్ దొర 1895లో సికింద్రాబాద్‌కి వచ్చినప్పుడు మొదట సేవ చేసింది తిరుమలగిరిలో బ్రిటిష్ సోల్జర్ల మధ్యనే. అక్కణ్ణుంచి పల్లెల బాట పట్టి మెదక్ చేరాడు. కరువులో జనానికి పని, తిండి దొరకాలని మొదలుపెట్టిన కట్టడం 1924 డిసెంబర్ 25న చర్చిగా ప్రతిష్ఠ అయింది. ఆ చర్చిలో బాప్తిస్మం తీసుకున్న కుర్రాడు నలభై అయిదేళ్ళ తర్వాత ట్రంకు పెట్టెతో తిరుమలగిరిలో దిగాడు. కారణం దేశభక్తి అనుకుంటున్నారేమో. నేనూ అలాగే అనుకుని ఎనిమిదో తరగతిలో స్పీచ్ రాసుకోవడానికి అడిగాను. "మూడు పూటల తిండి పెడ్తరని పోయిన బిడ్డా," అన్నాడు. స్పీచ్‌లో మాత్రం "మాతృభూమి పిలుపు" అని రాసుకున్నాను. సెకండ్ ప్రైజ్ వచ్చింది.

ఇంతకీ మా గల్లీలో మిలిటరీ తాత మీద గౌరవం ఎలా ఉంటుందో చెప్పాలి. నెల మొదటివారం రాగానే మొదలవుతుంది. "తాతా, ఈ నెల క్యాంటీన్‌కి పోయినవా?" "కోటా తెచ్చుకున్నవా?" మిలిటరీ క్యాంటీన్‌లో రిటైరైనవాళ్ళకి రమ్ము, విస్కీ కోటా ఉంటుందని దేశంలో ప్రతి పౌరుడికీ తెలుసు. రాజ్యాంగంలో ఆర్టికల్ ఎన్నో తెలియకపోవచ్చు. మా తాత చుక్క ముట్టడు, కోటా తీసుకోడు. ఇది విన్నప్పుడు జనం మొహాల్లో కనిపించే బాధ చూడాలి, వీరమరణం వార్త విన్నప్పుడు కూడా అంత ఉండదు. "అయ్యో, వేస్ట్ అయితదిగ తాతా!" అని ఒక రిటైర్డ్ సార్ నిజంగానే కుంగిపోయాడు.

1987లో హవల్దార్‌గా బయటికొచ్చాక ఇరవై ఏళ్ళకు పైగా ఒక బ్యాంకు ముందు తుపాకీ పట్టుకుని నిలబడ్డాడు. ఆ ఇరవై ఏళ్ళలో అక్కడికొచ్చిన కస్టమర్లు ఆయనతో ఎక్కువగా అన్నమాట, "పెన్నుందా?"

ఆ రాత్రి తాతతో గ్రూప్ సంగతి చెప్పలేదు. రెండు రోజులకి నియంత్రణ రేఖ దగ్గర కాల్పుల్లో మురళీ నాయక్ చనిపోయాడని వార్త వచ్చింది. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా. అగ్నివీర్. తాత ఆ పేరును మూడుసార్లు పలికాడు. టీవీలో ఎవరో ఆవేశంగా మాట్లాడుతుంటే సౌండ్ తీసేసి, "ఏ ఊరన్నరు?" అని మళ్ళీ అడిగాడు. తర్వాత రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ పేరు, ఆ తండా పేరు, ఆ తల్లిదండ్రుల సంగతి పెట్టి ప్రార్థన చేశాడు. "మురళీ నాయక్ తల్లిని ఓదార్చు తండ్రీ" అని. ఆ తల్లి ఏ దేవుణ్ణి మొక్కుతుందో ఆయన ఆలోచించినట్టు లేదు.

నాకక్కడ ఒకటి తట్టింది. చర్చిలో ఆదివారం ఆరాధనలో "దేశ నాయకుల కొరకు, అధికారుల కొరకు, సరిహద్దుల్లో ఉన్న సైనికుల కొరకు" అని ఒక్క ఊపిరిలో అయిపోయే ప్రార్థన ఉంటుంది. తాతకి అది నచ్చదు. "అది హోల్‌సేల్ ప్రార్థన" అంటాడు. మనం వాట్సాప్‌లో పెట్టే "సెల్యూట్ టు ఇండియన్ ఆర్మీ" కూడా హోల్‌సేలే. నేను ఆ రాత్రి పెట్టిన లైనూ అంతే అని ఒప్పుకోవాలి. నావాడు పెట్టిన ఎద్దేవా కూడా హోల్‌సేలే: మీవాళ్ళు, మావాళ్ళు. ఇద్దరం ఒక్క మనిషి పేరు కూడా పలకలేదు.

1971లో తాత షకర్‌గఢ్ వైపు ఒక ఎల్‌ఏడీలో ఉన్నాడు. ఎల్‌ఏడీ అంటే రెజిమెంట్ వెంటే తిరిగే చిన్న రిపేర్ దళం. డిసెంబర్ చలిలో ఒక శక్తిమాన్ లారీ బురదలో దిగబడితే తీయడానికి వెళ్ళారు. షెల్లింగ్ మొదలైంది. తాత లారీ కిందే ఉన్నాడు, చేతిలో స్పానర్, వయసు ఇరవై. రోహ్‌తక్ వైపు నుంచి వచ్చిన ఒక నాయక్ ఆయన కాలు పట్టుకుని బయటికి లాగి గుంటలోకి తోశాడు. ఆ నాయక్ గుంటలోకి రాలేదు.

నానమ్మ ఈ కథ చెప్పేటప్పుడు "దేవుడే కాపాడిండు" అంటుంది. చర్చిలో సాక్ష్యం చెప్పినప్పుడూ అలాగే చెప్పింది. మా చిన్నప్పుడు ఒకసారి తాత మధ్యలో ఆపాడు. "దేవుడు కాపాడిండు, కరెక్టే. కాలు పట్టి గుంజింది ఆ నాయక్. ఆయన పేరు కూడా చెప్పు." ఆ తర్వాత నుంచి ఆ పేరుతోనే చెప్తుంది. ఇక్కడ రాద్దామంటే మాత్రం తాత వద్దన్నాడు, "మీ మ్యాగజీన్‌ల వేస్తే ఆయనకేమొస్తది" అని.

మా క్రైస్తవుల మాటతీరులో నాకున్న అసలు పేచీ ఇక్కడే. డాక్టర్ ఆపరేషన్ చేస్తాడు, స్తోత్రం దేవునికి. మేనమామ ఫీజు కడతాడు, స్తోత్రం దేవునికి. దేవునికి చెప్పొద్దని కాదు, మధ్యలో ఉన్న మనిషి మాయమైపోతున్నాడు. అయితే మా మీద నవ్వేవాళ్ళ మాటల్లో కూడా ఇదే రోగం ఉంది. "నేషన్ ఫస్ట్" అంటే సరిపోతుంది, కాలు పట్టి గుంజినవాడి ఊరు అక్కర్లేదు. "దైవం మానుష రూపేణ" అని ఊరికే అనలేదు మన పెద్దవాళ్ళు. ఆ మాటను మా నానమ్మ కూడా వాడుతుంది, శ్లోకమని తెలియకుండానే.

అసలు దేవుడి పేరు లేకుండా మాట్లాడేవాళ్ళెవరు చెప్పండి మన సిటీలో? నారాయణగూడ సిగ్నల్ దగ్గర ఆటో ఆయన "ఇన్‌షా అల్లా పది నిమిషాల్లో దించేస్తా" అంటాడు. ఇరవై పడుతుంది. మా హెచ్‌వోడీ సార్ కూర్చుంటూ "రామ రామ" అంటారు, మా ప్రాజెక్ట్ రిపోర్ట్ చూసి మళ్ళీ "రామ రామ" అంటారు, రెండోసారి అర్థం వేరు. ఆర్మీలో కూడా అంతేనని తాత చెప్తాడు. ఒక యూనిట్‌లో "రామ్ రామ్ సాబ్", ఇంకోదాంట్లో "సత్ శ్రీ అకాల్", అందరికీ కలిపి "జై హింద్". ఈఎంఈ వాళ్ళ నినాదం "కర్మ హి ధర్మ". చేసే పనే ధర్మం అని. తాత బైబిల్ అట్ట లోపలి పేజీలో ఇది ఇంకుతో రాసి ఉంటుంది. చిన్నప్పుడు నేను అది బైబిల్ వాక్యమే అనుకున్నాను.

"బార్డర్‌లో నిలబడేది మావాళ్ళు" అన్నదానికి జవాబుగా లిస్టు తయారుచేయొచ్చు. ఆ రాత్రి తయారుచేశాను కూడా. 1971 డిసెంబర్‌లో గంగాసాగర్ దగ్గర ప్రాణమిచ్చి పరమవీరచక్ర పొందిన లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా ఒక ఆదివాసీ క్రైస్తవుడు అని టైప్ చేసి పంపకుండా చెరిపేశాను. లిస్టు పెడితే నేనూ "మావాళ్ళు" ఆటలో దిగినట్టే కదా అనిపించింది. వాళ్ళు చనిపోయింది నేను గ్రూపులో గెలవడానికి కాదు.

కానీ వెతుకుతుంటే దొరికిన ఒక రాత్రి మాత్రం నన్ను వదల్లేదు. 1999 జూన్ 28, కార్గిల్ యుద్ధం, ద్రాస్ సెక్టార్. రెండో బెటాలియన్ రాజ్‌పుతానా రైఫిల్స్. ఒక కంపెనీని నడిపిస్తున్నది మేజర్ పద్మపాణి ఆచార్య, మన హైదరాబాద్ మనిషి. ఒడిశా మూలాలున్న కుటుంబం, తండ్రి వైమానిక దళంలో పనిచేశారు, ఉస్మానియాలో చదువు. కొద్ది రోజుల ముందు తండ్రికి రాసిన ఉత్తరంలో, గర్భవతిగా ఉన్న తన భార్యకు రోజుకో మహాభారత కథ చెప్పమని కోరాడు, పుట్టబోయే బిడ్డకు మంచి విలువలు అబ్బుతాయని. అదే బెటాలియన్, అదే రాత్రి, ఇంకో వైపు నుంచి కొండ ఎక్కుతున్నది కెప్టెన్ నైకెఝాకువో కెంగురూసె. నాగాలాండ్, కొహిమా దగ్గర నెర్హెమా గ్రామం, క్రైస్తవ కుటుంబం. పేరు పలకడం రాక జవాన్లు "నింబూ సాబ్" అనేవాళ్ళు. పదహారు వేల అడుగుల ఎత్తు, గడ్డకట్టే చలి. రాతిగోడ మీద బూట్లు జారుతుంటే విప్పేసి, వట్టికాళ్ళతో, రాకెట్ లాంచర్ మోసుకుంటూ ఎక్కాడు. ఆ రెజిమెంట్ యుద్ధనాదం "రాజా రామచంద్ర కీ జై". ఇద్దరూ ఆ రాత్రే పోయారు. ఇద్దరికీ మహావీరచక్ర. ఒకరికి ముప్పై, ఇంకొకరికి ఇంకా పాతిక నిండలేదు. అంటే మన సూపర్ సీనియర్ల వయసు.

మహాభారతం చెప్పమన్న ఉత్తరం చదివి ఎవరూ "మతం ఎందుకు తెచ్చావు?" అనరు. అనకూడదు కూడా. చావు ముందర మనిషి తన ఇంటి మాటే మాట్లాడతాడు. మా ఇంట్లో ఆ మాట "ప్రార్థన చేస్తం" అనే రూపంలో ఉంది, అంతే.

ఇక్కడ ఇంకో సంగతి దాటేస్తే దొంగతనమవుతుంది. నవంబర్‌లో సుప్రీంకోర్టు ఒక క్రైస్తవ ఆర్మీ ఆఫీసర్ పిటిషన్ కొట్టేసింది. ఆయన 2017లో చేరిన లెఫ్టినెంట్, సిక్కు జవాన్లున్న స్క్వాడ్రన్. రెజిమెంట్ గుడికి, గురుద్వారాకి జవాన్లతో పాటు పరేడ్‌గా వస్తాను గానీ పూజ జరిగే గర్భగుడిలోకి మాత్రం రాను, నా విశ్వాసం ఒప్పుకోదు అన్నాడు. 2021లో ఉద్యోగం పోయింది, ఢిల్లీ హైకోర్టు 2025 మేలో దాన్ని సమర్థించింది, నవంబర్ 25న పైకోర్టు కూడా. స్థానిక పాస్టర్ ఒకాయన "లోపలికి వెళ్ళినా తప్పులేదు" అని నచ్చచెప్పినా ఆయన వినలేదని కేసులో ఉంది.

ఈ వార్త మన గ్రూపులో కూడా తిరిగింది, "చూశారా" అన్న క్యాప్షన్‌తో. తాతని అడిగాను. ఆయనకు క్షణం పట్టలేదు. "నా జవాన్లు లోపలుంటే నేను బయట నిలబడ్తనా? పొయ్యి నిలబడాలె. మొక్కుడు మొక్కకపోవుడు లోపలి ముచ్చట. మా దగ్గర సర్వధర్మ స్థలం అని ఒకటే రూములుండె. ఒక గోడకు సిలువ, ఒక గోడకు గురు నానక్, ఒక గోడకు దుర్గమ్మ. ఆదివారం అందరం అండ్లనే కూసునేటోళ్ళం."

నాకు తాతంత స్పష్టత లేదు. ఆర్మీలో జవాన్లకూ ఆఫీసర్‌కీ మధ్య నమ్మకం ముఖ్యం, అది కాలేజీ ఫెస్ట్ వాలంటీరింగ్ కాదు, కాబట్టి కోర్టు క్రమశిక్షణ వైపు నిలబడటం నాకు అర్థమవుతుంది. కానీ ఒక మనిషి ప్రాణమివ్వడానికి సిద్ధపడి, హారతి దగ్గర మాత్రం తటపటాయిస్తే, ఆ తటపటాయింపుని వట్టి మొండితనం అని తేల్చేయడం నాకు కష్టంగానే ఉంది. ఇంకోటి: "చూశారా" అన్నవాళ్ళెవరూ క్రమశిక్షణ గురించి మాట్లాడలేదు. ఆ ఒక్కణ్ణి చూపించి అందరినీ లెక్కగట్టారు. అప్పుడు కూడా నేను రిప్లై ఇవ్వలేదు. నా రికార్డు అలా నిలకడగా ఉంది.

సైనికుల మీద మన ప్రేమ ఎంతో కొలవాలంటే అశోక్‌నగర్ వెళ్ళాలి. సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల స్టడీ హాళ్ళు, కోచింగ్ సెంటర్లు, జిరాక్స్ షాపులు, గ్రూప్-1, గ్రూప్-2 అని గోడల నిండా పోస్టర్లు. లైబ్రరీకి నేను ఇంట్లో చదవలేక వెళ్తుంటాను. అక్కడ టీ కొట్టు దగ్గర పరిచయమైన ఒక అన్న ఉన్నాడు. అన్న అంటున్నాను గానీ వయసు ముప్పై తొమ్మిది. పదిహేడేళ్ళు ఆర్మీలో చేసి హవల్దార్‌గా దిగాడు. సిపాయిగా చేరినవాళ్ళు చాలామంది ఈ వయసుకే బయటికొస్తారు, పదిహేనేళ్ళు దాటితే పెన్షన్ వస్తుంది గానీ పిల్లల చదువులు అప్పుడే మొదలై ఉంటాయి. మళ్ళీ జీరో నుంచి పుస్తకం పట్టాలి. పక్కన ఇరవై రెండేళ్ళ పిల్లలు. "నన్ను అంకుల్ అంటరు తమ్మీ, పర్వాలేదు. ఎక్స్‌సర్వీస్‌మెన్ కోటా అని తెలిసినంక మాత్రం మొహాలు మారుతయి. 'నీకేంది అన్నా, నీ కటాఫ్ వేరు' అంటరు."

ఆగస్టు 15న ఆయన స్టడీ హాల్ ఓనర్ ఆయనతో జెండా ఎగరేయించి, శాలువా కప్పి, ఫోటో స్టేటస్ పెట్టాడట. సెప్టెంబర్‌లో ఫీజు పెంచాడు, అందరితో పాటు ఆయనకూ. ఒక్క నెల ఆగమంటే "రూల్ ఈజ్ రూల్ సార్" అన్నాడట. ఈయన నవ్వుతూ చెప్పాడు గానీ టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు. ఇవ్వాలని నేనూ అంత గట్టిగా ప్రయత్నించలేదు, నెలాఖరు.

కనీసం ఈయనకి పెన్షన్ ఉంది. 2022లో వచ్చిన అగ్నిపథ్‌లో నాలుగేళ్ళు చేశాక నూటికి పాతిక మందిని ఉంచుకుంటారు, మిగతావాళ్ళు ఒకేసారి కొంత డబ్బు తీసుకుని వెళ్ళిపోవాలి, పెన్షన్ లేదు. ఆ జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్లో గొడవ జరిగి, పోలీసు కాల్పుల్లో వరంగల్ వైపు కుర్రాడొకడు చనిపోయాడు. రైలు తగలబెట్టడాన్ని నేను సమర్థించను. తాత అన్నది మాత్రం గుర్తుంది: "నాలుగేండ్లల ఇంజిన్ చప్పుడు కూడా సరిగ్గ అర్థం కాదు బిడ్డా." జవాన్ల గురించి ఇంత మాట్లాడే మనం, మన క్లాసులో ఎంతమందిమి ఎన్డీఏ, సీడీఎస్ రాశామో చేతులెత్తమంటే? నాతో సహా ఎవరి చెయ్యీ లేవదు. మనకు కావాల్సింది ప్యాకేజీ. అందులో తప్పేమీ లేదు, మా తాత కూడా తిండి కోసమే వెళ్ళాడని చెప్పాను కదా. కాకపోతే వెళ్ళినవాళ్ళ మీద హక్కుగా "మావాళ్ళు" అనేముందు కొంచెం ఆగొచ్చు.

నవంబర్ 2 సమాధుల పండుగ. నారాయణగూడ క్రైస్తవ శ్మశానానికి, మా భాషలో సమాధుల తోటకి, ప్రతి ఏడూ తాతని తీసుకెళ్ళడం నా డ్యూటీ. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ మెట్రోలో ఒక్కటే స్టేషన్, అయినా ఆయన నడుస్తానంటాడు. దారిలో బంతిపూలు, కొవ్వొత్తులు. లోపల సమాధులకి సున్నాలు వేసి, పూలు పరిచి, సాయంత్రానికి తోటంతా దీపాలే. పండుగ అనడంలో పొరపాటు లేదు, పిల్లలు పరుగెత్తుతుంటారు, ఎవరో టిఫిన్ డబ్బా తెరుస్తారు. మా ముత్తవ్వ సమాధి దగ్గర పాట, ప్రార్థన అయ్యాక తాత ఒక్కడే ఇంకో కొవ్వొత్తి పక్కకి పెడతాడు. ఆ చోట ఎవరూ లేరు. ఊళ్ళు చెప్తూ పేర్లు చదువుతాడు: రోహ్‌తక్ నాయక్, కొట్టాయం క్లర్కు, హోషియార్‌పూర్ డ్రైవరు, ఇంకా నలుగురో అయిదుగురో. సమాధులు లేనివాళ్ళే ఎక్కువ, దహనమైనవాళ్ళు. ఈసారి చివర్లో కల్లితండా కూడా వచ్చింది.

ఆ నెలలోనే తాతకి ఇంకో పని ఉంటుంది, లైఫ్ సర్టిఫికెట్. బతికే ఉన్నానని ప్రభుత్వానికి ఏడాదికోసారి చెప్పకపోతే పెన్షన్ ఆగిపోతుంది. ఇదివరకు బ్యాంకుకి వెళ్ళి లైన్‌లో నిలబడేవాడు. ఇప్పుడు ఫోన్లో ముఖం చూపిస్తే చాలు. ఆ రోజు ఏదో రికార్డు కోసం ఇంటికొచ్చిన మా బ్యాచ్ వాడు, మే 7 వాడే, సోఫాలో కూర్చుని ఉన్నాడు. గోడ మీద యూనిఫామ్ ఫోటో చూసి "ఎవర్రా?" అన్నాడు. "తాత" అన్నాను. ఇంకేమీ అనలేదు, వాడూ అనలేదు. నానమ్మ వాడికి టీ ఇచ్చి, అలవాటు ప్రకారం పరీక్షలెప్పుడని అడిగి, "ప్రార్థన చేస్తం బిడ్డా" అంది. వాడు "థాంక్స్ నానమ్మా" అన్నాడు.

యాప్ తాత ముఖాన్ని గుర్తుపట్టడం లేదు. వెలుతురు చాలట్లేదట. వాడే లేచి వచ్చి ట్యూబ్‌లైట్ వైపు కుర్చీ తిప్పి, ఫోన్ పట్టుకుని, "తాతా, కళ్ళు ఒకసారి ఆర్పండి" అన్నాడు. తాత అటెన్షన్‌లో కూర్చుని కళ్ళు పెద్దవి చేసి చూస్తున్నాడు గానీ ఆర్పడం లేదు. "ఆర్పండి తాతా!" ఆర్పాడు. పచ్చరంగు వచ్చింది. ఇంకో ఏడాదికి బతికే ఉన్నట్టు రుజువైంది.

ఈ సంచికకి ప్రూఫులు చూసేది కూడా వాడే. అచ్చుతప్పులుంటే నన్ననకండి.